పిల్లిని ఆడించమన్నారు

నాకు పిల్లి అంటే రోత. భయం కాదు, పగ కాదు, ఉత్త రోత. అది తన వెనక భాగాన్ని నాలుకతో నాక్కుంటుంది. అదే నాలుకతో గిన్నెలో పాలు తాగుతుంది. అదే మూతిని తెచ్చి మనిషి చెంపకు రాస్తుంది. మా అమ్మాయి ఆ చెంపతోనే వచ్చి నా పక్కన అన్నానికి కూర్చునేది. నేను కంచం పట్టుకుని గోడవైపు జరిగేవాణ్ణి.

నా రోతకు కారణం ఉంది. నేను మగ్గం ముందు పెరిగినవాణ్ణి. పడుగులో ఒక్క తలవెంట్రుక చిక్కినా అది నేతలోకి పోయి చీరంతా చెడగొడుతుంది. మా నాయిన అన్నం తిన్న చేతిని రెండుసార్లు కడిగి, పంచెకు తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకుని అప్పుడు పోగు ముట్టేవాడు. నేనూ అదే నేర్చుకున్నాను. నూనె, వెంట్రుక, దుమ్ము, తడి. ఈ నాలుగూ కనబడితే నా ఒళ్ళు ఇప్పటికీ ముడుచుకుంటుంది. మగ్గం అమ్మేసి, చీరల దుకాణంలో పనికి కుదిరి, నకిరేకల్‌లో ఒక మేడమీద రెండు అర్రలు కిరాయికి తీసుకున్న తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు. మగ్గం పోయినా మిగిలింది ఆ అలవాటు, పాత సంచిలో పట్టు పోగు చుట్టిన కొన్ని కండెలు. ముడులు కట్టి నేనే రంగుల్లో ముంచిన పట్టు అది. పారేయబుద్ధి కాక అటక మీద పెట్టాను.

మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు చదివే రోజుల్లో ఒక సాయంత్రం కాలేజీ సంచిలో పిల్లికూనను తెచ్చింది. కట్టంగూర్ స్టేజీలో ఆగిన బస్సు చక్రం పక్కన ఉందట. పసుపు చారలు, పుసులు కట్టిన కళ్ళు, తోక కింద ఎండిపోయిన మలం. దాన్ని పుస్తకాల మధ్య పెట్టుకుని వచ్చింది. లెక్కల పుస్తకం రెండు పేజీలు అతుక్కుపోయాయి. నేను వాటిని వేలితో విడదీయబోయి, వాసనకు చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"బాపూ, నువ్వు దీన్ని ఇడిచిపెట్టి రావద్దు. నా మీద ఒట్టెయ్యి" అంది.

ఎందుకు ఒట్టు అడిగిందో నాకు తెలుసు. ఊళ్ళో ఉన్నప్పుడు ఒక పిల్లి మా మగ్గం గుంటలో ఈనింది. నేను తెల్లవారి వచ్చి చూసుకోకుండా కాళ్ళు గుంటలోకి దించాను. తడిగా, వెచ్చగా, మెత్తగా ఏదో పాదానికి తగిలింది. ఇప్పుడు రాస్తుంటే కూడా పాదం కింద అదే తెలుస్తోంది. ఆ రోజే తల్లినీ పిల్లలనూ గోనెసంచిలో వేసి సైకిల్‌కు కట్టి వాగు దాటించి వదిలి వచ్చాను. మా దగ్గర అందరూ చేసేదే అది. వాగు దాటితే పిల్లి దారి మరిచిపోతుందంటారు. అప్పటికి ఆరేళ్ళ మా అమ్మాయి సైకిల్ వెనక ఊరి చివరిదాకా ఏడుస్తూ ఉరికింది. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దయ్యాక మాట్లాడింది కానీ, నేను సంచి పట్టుకుని బయటికి వెళ్తే అందులో ఏముందో చూసేది. కూరగాయల సంచి అయినా సరే.

అందుకని ఒట్టు వేశాను. పిల్లి మీద ప్రేమతో కాదు. పదకొండేళ్ళ తర్వాత నా బిడ్డ నన్ను ఒకసారి నమ్ముతానంటోంది, అందుకు.

దానికి మా అమ్మాయి ఒక పేరు పెట్టింది. నేను ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు. "అది" అనేవాణ్ణి.

కింద ఉండే ఇంటి ఓనరమ్మ నాటుకోళ్ళు సాకుతుంది. మొదటి రోజే మెట్ల దగ్గర నన్ను ఆపింది. "తమ్మీ, నా కోళ్ళ జోలికొచ్చిందంటే పిల్లి పోదు, మీరే పోతరు. గంతే" అంది. కింద కోళ్ళు, వీధిలో కుక్కలు, మలుపు దాటితే లారీలు. దాంతో పిల్లి గడప దాటకుండా కిటికీకి దోమల జాలీ కొట్టాం, తలుపుకు గడియ పెట్టాం. రెండు అర్రలూ దానికి ప్రపంచం అయ్యాయి. మాకు నరకం అయ్యాయి.

కూనగా ఉన్నన్నాళ్ళు తిని పడుకునేది. ఎదిగాక మొదలైంది. పొద్దున కోడి కూయకముందే జాలీ పట్టుకుని అరుపు. కాలు కాలిన పిల్లి అంటారు గానీ, కాళ్ళన్నీ బాగున్న పిల్లి ఎట్లా తిరుగుతుందో నేను చూశాను. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. నడిచేవాళ్ళ మడమల మీద దుంకేది. మా ఇంటావిడ చీరలకు ఫాల్స్ కుట్టేది. కుట్టి మడతపెట్టిన కట్ట మీద ఒకరోజు పిల్లి ఉచ్చ పోసింది. ఆ వాసన పేరు నాకు తెలియదు. మందుసీసా పగిలినట్టు, కుళ్ళిన ఉల్లిగడ్డ పెట్టినట్టు ముక్కులో దిగి కూర్చుంటుంది. ఎన్ని నీళ్ళు పోసినా ఎండకు మళ్ళీ లేస్తుంది. ఇసుక పోసి పెట్టిన టబ్బు ఉండగా, దాని పక్కన, కావాలనే అన్నట్టు, నేల మీద దొడ్డికి కూర్చునేది. ఆ ఇసుక జల్లెడ పట్టే పని మా అమ్మాయిదే. గరిటెతో ఉండలు ఏరుతూ పాఠం చదువుకునేది. నేను చూడలేక తువ్వాల ముక్కుకు కట్టుకుని మెట్ల మీదికి పోయేవాణ్ణి.

దుకాణంలో నా పని పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపడం. ఒకరోజు నల్ల అంచు చీర భుజాన వేసుకుని చూపుతుంటే ఒక ఆడమనిషి దాని మీంచి పసుపు వెంట్రుక ఒకటి గోళ్ళతో తీసి, నా ముఖం ముందు పట్టి, "ఇదేందన్నా, కుక్క మీద కప్పిన చీరెనా?" అంది. పక్కనున్న అమ్మలక్కలందరూ పకపకా నవ్వారు. నేత నేసినన్ని ఏళ్ళూ నా చీరలో వెంట్రుక ఉందని ఎవరూ అనలేదు. ఆ మాట చీరలు అమ్మేవాడిగా పడాల్సి వచ్చింది.

ఆ తర్వాత అది తన బొచ్చు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. పొట్ట మీద, వెనక కాళ్ళ లోపలివైపు నాకీ నాకీ బోడి చేసుకుంది. ఆ చర్మం ఈకలు పీకిన కోడిలా గులాబీ రంగులో, తడిగా మెరిసేది. మింగిన బొచ్చంతా ఉండకట్టి కక్కేది. కక్కే ముందు దగ్గుతున్నట్టు ఒక చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటే నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేసేవాణ్ణి. తెల్లారి చెప్పుల్లేకుండా లేచి ఆ ఉండ మీద కాలు వేసింది కూడా నేనే. ఇంట్లో ముగ్గురం ఉన్నాం, కాలు మాత్రం నాదే పడింది.

చివరికి మా అమ్మాయి నన్ను వెంటపెట్టుకుని పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు బర్రెకు సూది వేసి, చేతులు కడుక్కుని వచ్చి, పిల్లిని నాలుగువైపులా తిప్పి చూశాడు.

"దీనికి రోగం లేదన్నా. పని లేదు" అన్నాడు.

"పనేంది సార్, పిల్లికి?"

"ఏటాడి తినే జీవాన్ని తీస్కపోయి రెండర్రలల్ల పెట్టి తలుపేస్తిరి. ఎలుక లేదు, చెట్టు లేదు. ఏం జెయ్యాలె మరి? దాన్ని అదే కొరుక్కుంటాంది. పొద్దుగాల పావుగంట, మాపటికి పావుగంట ఆడిచ్చుండ్రి. తిండి ఒక్కతాన పెట్టకుండ్రి, ఆడింత ఈడింత దాసిపెట్టుండ్రి. ఎతుక్కోని తినాలె. ఎత్తుల ఎక్కి కూసునేటందుకు పలక గిట్ల కొట్టుండ్రి."

నాకు నవ్వు రాలేదు, కంపరం వచ్చింది. మా ఇంట్లో పిల్లలు మగ్గం కింద మట్టిలో తమంతట తామే ఆడుకుని పెరిగారు. నన్ను ఎవరూ పావుగంట ఆడించలేదు. నా బిడ్డను నేనూ ఆడించలేదు, పొద్దుందాకా మగ్గం మీద ఉంటే తీరికేదీ? ఇప్పుడు తన్ను తాను నాక్కునే జంతువుకు పనిలేక దిగులు పట్టిందని, నేను దుకాణానికి పోయే ముందు దాని ముందు కూర్చుని ఆటలాడాలట. దారంతా గొణుక్కుంటూనే వచ్చాను.

అయినా చేశాం. ఎండుచేపల ముక్కలు అట్టపెట్టెల్లో, పాత చెప్పుల్లో, కిటికీ మూలల్లో దాచాం. పిల్లి వెతికింది సగం, చీమలు వెతికింది సగం. ఇల్లంతా చేపల అంగడి వాసన. నా దుకాణం చొక్కా జేబులో కూడా ఒక ముక్క దొరికింది, దాన్ని సేటు ముందే తీశాను. గోడకు రెండు పలకలు కొట్టాను. అది పై పలక మీద కూర్చుని, నేను అన్నం తింటుంటే నా కంచంలోకే చూస్తూ బొచ్చు రాల్చేది. ఆడించే పని మాత్రం ఎవరికీ కుదరలేదు. అమ్మాయికి ఏడున్నరకే బస్సు. మా ఇంటావిడ ఆ వేళకు వంట దగ్గర ఉంటుంది. పదింటిదాకా ఇంట్లో ఖాళీగా ఉండేది నేనొక్కణ్ణే.

"జర ఆడియ్యరాదా. నీ సొమ్మేం పోతది?" అంది మా ఇంటావిడ.

కాగితం ఉండ విసిరాను, అది ఉండ వైపు కాకుండా నా వైపు చూసింది. కోడి ఈక ఊపాను, ఆవులించింది. నోట్లో నుంచి చేపల కంపు. నాకు రోషం వచ్చింది. పని చేతకాదనిపించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ పడదు. అటక మీది సంచి దించి, ఒక పట్టు కండె తీసి, పోగు బారెడు విప్పి, కండెను నేల మీద దొర్లించాను.

అది నేలకు కరుచుకుంది. చెవులు వెనక్కి పెట్టి, పిర్రలు అటూ ఇటూ ఆడించి, ఒక్క దూకు దూకింది. నేను అంతకంటే ముందే పోగు లాగాను. మళ్ళీ వేశాను. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి. చేతికి ఆ లెక్క అంతా గుర్తుంది. ఎంత వేగంతో వేయాలి, ఎక్కడ ఆపాలి, పోగు ఎంత బిగువుండాలి. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలుకను నేను నేస్తున్నాను, పిల్లి నా చేతి వెంట తిరుగుతోంది. పావుగంట అనుకున్నది ముప్పావుగంట అయింది. దుకాణానికి ఆలస్యంగా పోయాను.

నిజం చెప్పాలి. నాకు సంతోషం వేసింది. అట్లా సంతోషపడ్డందుకు మళ్ళీ నామీద నాకే రోత వేసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. అయినా మర్నాడు ఎనిమిదయ్యేసరికి కండె నా చేతిలో ఉంది. నెల తిరక్కుండానే దాని పొట్ట మీద కొత్త బొచ్చు లేచింది. టబ్బు పక్కన పోవడం మానేసింది. ఒక సెలవు రోజు మా అమ్మాయి గడపలో నిలబడి ఆటంతా చూసింది.

"బాపూ, నీ అంత మంచిగ ఎవ్వలకు రాదు" అంది. ఆ రోజు నేను సంచి పట్టుకుని కూరగాయలకు పోతుంటే అందులో ఏముందో చూడలేదు.

పెండ్లిళ్ళ ముహూర్తాలు దగ్గరపడి ఒక పొద్దున సేటు ఫోను చేసి వెంటనే రమ్మన్నాడు. ఆడుతున్న కండెను నేల మీదే వదిలి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే కండె ఉంది, దాని మీద పట్టు లేదు. మంచం కింద వెతికితే జానెడు జానెడు ముక్కలు నాలుగైదు దొరికాయి. మిగతాది ఏ మూలకో చిక్కుపడి ఉంటుందనుకున్నాను. పిల్లి పోగు తింటుందని నాకు తట్టలేదు. మా ఇళ్ళల్లో పోగును కాపాడింది ఎలుకల నుంచి. పిల్లి నుంచి కాదు.

మర్నాడు అది పచ్చటి నురగ కక్కింది. ఆ మర్నాడు అన్నం ముట్టలేదు. బీరువా కింద దూరింది. మళ్ళీ బొచ్చు ఉండేమో అంది మా అమ్మాయి. కండె సంగతి నేను చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అనుకోలేదు.

మూడోరోజు రెండో శనివారం. అమ్మాయికి సెలవు. బట్టలు ఆరేయడానికి తల్లితో పాటు మేడ పైకి పోయింది. పిల్లి బీరువా కింద నుంచి ఈడ్చుకుంటూ వచ్చి నా ముందు నిలబడి, తోక ఎత్తి, ముక్కింది. ఏమీ రాలేదు. తోక కింద రెండంగుళాల పోగు వేలాడుతోంది. సగం ఎరుపు, సగం తెలుపు. నా పోగే. దానికి అంటుకున్నదేమిటో రాయను.

లేచి పోదామనుకున్నాను. కానీ వేలాడే కొస కనబడింది. చిక్కుపడిన పట్టును విప్పడం మా ఇంట్లో మాటలు రాకముందే నేర్పుతారు. మొదట కొస వెతకాలి. కొస దొరికితే సగం పని అయినట్టే. దాన్ని తెగకుండా, వేలి కొనలతో, లోపల ఎక్కడ తడుతోందో తెలుసుకుంటూ లాగాలి. ఊళ్ళో ఎవరికి చిక్కుపడినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఎడమ చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని తోక పట్టుకున్నాను. కుడి చేతికి తొడగలేదు. కవరుతో పోగు బిగువు తెలియదు. అంత రోత ఉన్న నేను ఉత్త వేళ్ళతో పట్టుకున్నాను.

జానెడు వచ్చింది. తట్టింది. చిక్కులో తట్టినప్పుడు బలం పెట్టకూడదు, కొంచెం వదిలి మళ్ళీ లాగాలి. వదిలి లాగాను. మళ్ళీ తట్టింది. అట్లా మూడుసార్లు. మూడోసారి పిల్లి అరిచింది. పిల్లి అరుపులు చాలా విన్నాను. అది వాటిలో ఏదీ కాదు. చంటిపిల్ల గొంతులో ఏదో అడ్డుపడినట్టు, చిన్నగా వచ్చింది. నేను పోగు వదిలేశాను. మా ఇంటావిడ కత్తెరతో బయట ఉన్నదాన్ని మొదట్లోకి కత్తిరించి, బాత్‌రూం మోరీలో వేసి, బకెట్ నీళ్ళు పోశాను. చేతులు నాలుగుసార్లు కడుక్కున్నాను. వాళ్ళు కిందికి వచ్చేసరికి నేను దుకాణానికి చొక్కా తొడుక్కుంటున్నాను.

గంట తిరక్కముందే అది పక్కకు ఒరిగింది. చెవులు చల్లబడ్డాయి. దుకాణానికి ఫోను వచ్చింది, నేను తిరిగి వచ్చాను. ముగ్గురం అదే దవాఖానకు ఉరికాం. డాక్టరు దాని కడుపు వేళ్ళతో నొక్కి, నోరు తెరిచి నాలుక కింద చూశాడు.

"దారం గిట్ల మింగిందా? ఎనకకెల్లి ఏమన్న ఎల్లిందా?"

మా ఇంటావిడ తెలియదంది. మా అమ్మాయి తెలియదంది.

"మల్ల అడుగుతున్న, ఎవరన్న లాగిండ్రా? దారం లోపట పేగుల పొంటి ఉంటది. లాగితె పేగంత కుచ్చులు పడి కోసుకపోతది. లాగొద్దు ఎన్నడు."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. అనుమానంతో కాదు. పొద్దున పిల్లి దగ్గర ఉన్నది నేను కాబట్టి తిరిగింది. కానీ ఆ చూపులో నాకు సైకిల్ వెనక కట్టిన గోనెసంచి కనబడింది. లాగానని చెబితే, ఒట్టు వేసి కూడా చంపాలనే చేశానని అనుకుంటుంది. పిల్లంటే నాకు రోత అని ఇంట్లో గోడలకు కూడా తెలుసు.

"లేదు సార్" అన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆ ఒక్క మాటతో ఎవరికీ ఏమీ తెలియదనుకున్నాను.

ఇక్కడ కాదు, హైదరాబాద్‌లో కుక్కలకూ పిల్లులకూ చూసే పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. పూలబుట్టలో పాత చీర పరిచి దాన్ని వేసుకుని, నేనూ అమ్మాయీ బస్సెక్కాం. బుట్ట నా ఒళ్ళో ఉంది. చిట్యాల దాటగానే అది కక్కింది. ఈసారి నురగ కాదు. నోటి నుంచి వచ్చింది గానీ వాసన నోటిది కాదు. ముందు సీటులోని ముసలాయన లేచి నిలబడి, "ఏందయ్యా గిది, మనుషులెక్కేటి బస్సా, పశువులెక్కేటిదా?" అన్నాడు. కండక్టరు కిటికీలన్నీ తెరిచాడు. నేను నా తువ్వాలతో దాని మూతి తుడిచాను. నా వేళ్ళ సందులోకి కారింది. దాన్ని చూసి నాకు వాంతి రావాలి, రాలేదు. పొద్దున కడుక్కున్న చెయ్యే నాకు ఎక్కువ కంపు కొడుతోంది.

ఆ దవాఖానలో డాక్టరమ్మ ఫొటో తీయించి చూసి, పోగు లోపల పేగుల పొడుగునా ఉందంది. "దారం ఎవరూ లాగలేదు కదా?" అని అడిగింది. మా అమ్మాయి వెంటనే, "లేదు మేడమ్, ఎవ్వలు లాగలే" అంది. నా మాటనే తన మాటగా చెప్పింది.

"అయితే చాలా నీరసంగా ఉంది కాబట్టి ఇవాళ సెలైన్ ఎక్కించి, రేపు పొద్దున ఆపరేషన్ చేద్దాం. లాగి ఉంటే మాత్రం ఆగే పని లేదు, పేగు తెగి లోపల కారుతుంది, ఇప్పుడే తెరవాలి" అంది. మా అమ్మాయి బల్ల మీద వంగి కాగితం నింపుతోంది. పిల్లి పేరు, రంగు, వయసు.

నేను తలుపు వైపు చూశాను. రేపటిదాకా ఆగితే అది చచ్చిపోతుంది. చచ్చిపోతే ఎవరికీ తెలియదు. మోరీలో పోగు ఎప్పుడో కొట్టుకుపోయింది. ఈ ఆలోచన నాకు వచ్చింది. దీన్ని రాయకుండా వదిలేస్తే ఇదంతా రాయడం దండగ.

"లాగినమ్మా" అన్నాను. "పొద్దుగాల నేనే లాగిన. జానెడొచ్చింది. మూడుసార్లు తట్టింది. మూడుసార్లు లాగిన."

కాగితం మీద కలం ఆగింది. మా అమ్మాయి తల ఎత్తలేదు. డాక్టరమ్మ లోపలికి కేకేసి, బుట్ట తీసుకుని పోయింది. రెండు గంటల తర్వాత వచ్చి, పేగు రెండు చోట్ల తెగిందనీ, ఆ ముక్క కోసి మిగతాది కలిపి కుట్టామనీ, రేపటిదాకా ఆగితే బతికేది కాదనీ చెప్పింది. స్టీలు పళ్ళెంలో పోగు చూపించింది. నల్లటి జిగురులో ముడుచుకుని ఉంది. ఎరుపు వెలిసిపోలేదు. నేను ముంచిన రంగు.

బయట బెంచీ మీద కూర్చున్నాక మా అమ్మాయి అడిగింది.

"కావాలనే లాగినవా?"

"కాదు బిడ్డా. కొస కనబడ్డది. చెయ్యి పోయింది."

మా అమ్మాయి నమ్మింది. నేతగాడి బిడ్డ, చెయ్యి ఎట్లా పోతుందో తనకు తెలుసు. నా ప్రాణం కొంచెం లేచి వచ్చింది.

"మరి అక్కడ దవాఖానల లేదని ఎందుకన్నవు?"

నీకు భయపడి అని చెప్పాల్సింది. చెప్పలేదు.

పిల్లి బతికింది. పొట్ట మీద కుట్లు మానాయి, బొచ్చు వచ్చింది. పట్టు కండెల సంచి మా అమ్మాయే తీసి ఎవరికో ఇచ్చేసింది. మా ఇంటావిడ కుట్టుపని పక్కింటికి మార్చుకుంది. ఇప్పుడు మా ఇంట్లో జానెడు దారం దొరకదు. అమ్మాయి సాయంత్రం వచ్చి కాగితం ఉండలతో దాన్ని ఆడిస్తుంది. నాతో మామూలుగానే మాట్లాడుతుంది. అన్నం తిన్నవా అంటుంది, మందులు వేసుకున్నవా అంటుంది. పొద్దున ఏడున్నరకు కాలేజీకి పోతూ పిల్లిని లోపలి అర్రలో పెట్టి, గడియ వేసి, "అమ్మా, నేనొచ్చేదాక తియ్యకు" అని తల్లికి చెప్పి పోతుంది. నాకు చెప్పదు.

ఎనిమిదయ్యేసరికి లోపలి నుంచి తలుపు గీరుతుంది. ఆటవేళ దానికి గుర్తుంది. నేను ఇవతల కుర్చీలో కూర్చుని దుకాణం వేళ కోసం చూస్తుంటాను. గీరడం ఆగాక నాకుతున్న చప్పుడు మొదలవుతుంది, తడిగా, ఆగకుండా. పోయిన వారం చూశాను, పొట్ట మీద బొచ్చు మళ్ళీ పలచబడింది. తలుపు కింది నుంచి ఉచ్చ వాసన వస్తోంది. రోతే. ఏమీ తగ్గలేదు.

"తియ్యరాదా, పాపం. జరసేపు ఆడియ్యరాదా. పిల్లకు నేను చెప్పనులే" అంటుంది మా ఇంటావిడ వంటింట్లో నుంచి.

గడియ బయటివైపే ఉంది, కుర్చీలో నుంచి లేవకుండానే చెయ్యి అందుతుంది. నేను తీయను.